చుక్కలు చెరిపేవాడి స్వగతం

తెనాలిలో ముప్ఫై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపాను. ఫొటో ఎవరైనా తీస్తారు గానీ నెగెటివ్ దిద్దడం అందరికీ చేతకాదు. నాకు చేతనయింది. ఏటవాలు బల్ల, దాని మధ్యలో గరుకు అద్దం, అద్దం కింద నుంచి వెలుతురు. నెగెటివ్‌ని ఆ అద్దం మీద పెట్టి, పల్చగా మీడియం రాసి, సూదిలా చెక్కిన పెన్సిల్ మొనతో పెళ్లికూతుళ్ల మొటిమలు పూడ్చేవాణ్ణి. నెగెటివ్‌లో మొటిమ తెల్లగా ఉంటుంది. ఆ తెలుపుని పెన్సిల్ నలుపుతో చుట్టుపక్కలకు సమానం చేస్తే ప్రింటులో చెంప నున్నగా వస్తుంది. దుమ్ము కణం పడ్డ చోటా అంతే, పిన్‌హోల్ పడ్డ చోటా అంతే. చిన్న తెల్ల చుక్క కనబడితే దాన్ని లేకుండా చెయ్యడమే నా బతుకుతెరువు. నా తెలివితక్కువతనానికి వేరు ఇక్కడే ఉంది కాబట్టి ముందు ఇది చెప్పుకున్నాను.

అక్కయ్యకి కుడివైపు గడ్డ చేతికి తగిలితే బావగారు గుంటూరు తీసుకెళ్లి మామోగ్రామ్ తీయించారు. డాక్టరు మర్నాడు రమ్మన్నాడు. ఆ రాత్రి వాళ్లు మా ఇంట్లో దిగారు. పెద్ద బూడిదరంగు కవరు బల్ల మీద కనబడుతుంటే నా చెయ్యి ఊరుకోలేదు. స్టూడియో తాళం తీసి, ఫిల్ములు రీటచింగ్ బల్ల మీద పెట్టి లైటు వేశాను. బూడిదరంగు మబ్బుల్లాంటి కండలో ఒకచోట గట్టి తెల్లని ముద్ద, దాని చుట్టూ అన్ని వైపులకీ వెంట్రుకల్లాంటి గీతలు. చుట్టుపక్కల కండనంతా తనవైపు గుంజుకుంటున్నట్టు ఉంది. "బావా, ఇది మంచిది కాదు" అన్నాను. మర్నాడు డాక్టరు కూడా అదే అన్నాడు.

తర్వాత తెలిసింది, వైద్య పుస్తకాల్లో మొదటి బొమ్మ అదేనని. కేన్సర్ కణాలు చుట్టూ ఉన్న పీచు కండని లాగి బిగించడం వల్ల ఆ ముళ్లు వస్తాయి. స్పిక్యులేటెడ్ మాస్ అంటారు. అది చూసి చెప్పలేనివాడు కళ్లజోడు మార్చుకోవాలి, అంతే. కానీ బావగారు ఆ మాట ఊరంతా చెప్పారు. "డాక్టరు కంటే ముందు రోజే మా బావమరిది చెప్పేశాడు" అని. అక్కయ్యకి ఆపరేషన్ అయింది, కీమో ఇచ్చారు, కరెంటు పెట్టారు. ఆవిడ ఇప్పటికీ లక్షణంగా ఉండి మా అందరి మీదా కేకలేస్తోంది. ఆ ఒక్క ఫిల్ముతో నేను మాత్రం మా వీధికి స్పెషలిస్టునైపోయాను.

జనం రావడం మొదలుపెట్టారు. పాస్‌పోర్ట్ ఫొటో దిగడానికి వచ్చినవాళ్లు కూడా "పన్లో పని, ఇది కూడా ఒకసారి చూడండి" అని కవరు తీసేవారు. నేనూ కాదనలేదు. కాదనకపోగా మొహం గంభీరంగా పెట్టేవాణ్ణి. ఒకసారి ఒకాయన తన తల్లి ఫిల్ములు తెచ్చాడు. పక్కవాటంగా తీసిన ఫిల్ము పై మూలలో ఇంతేసి తెల్లని త్రికోణం. గుండె ఆగినంత పనైంది నాకు. "పెద్దదే ఉంది, చంక దాకా పాకింది" అన్నాను. ఆయన రెండో ఫిల్ము, అంటే రెండోవైపుది, తీసి పెట్టాడు. అందులోనూ అచ్చం అలాంటిదే. అప్పుడైనా ఆగాలా? "రెండు వైపులా పాకింది" అన్నాను. అది ఛాతీ కండరం. పక్కవాటపు ఫిల్ములో ప్రతి ఆడదానికీ, ఆ మాటకొస్తే మగవాడికి తీసినా, ఆ మూల అలాగే ఉంటుంది. నిజానికి అది కిందికంటా కనిపిస్తేనే ఫిల్ము సరిగ్గా తీసినట్టు లెక్కట. ఆయన మర్నాడు వచ్చి నన్నేమీ అనలేదు. పాస్‌పోర్ట్ ఫొటోలు మాత్రం పక్క వీధి స్టూడియోలో దిగాడు.

అయినా నాకు ఆ ఫిల్ములంటే మోజు తగ్గలేదు. దానికి కారణం వృత్తి. ఛాతీ ఎక్స్‌రే ఫిల్ముకి రెండు వైపులా మందు పూత ఉంటుంది. మామోగ్రామ్ ఫిల్ముకి ఒకవైపే. వేలితో తడిమితే ఒక పక్క నున్నగా, ఒక పక్క కాస్త గరుకుగా తెలిసేది, మా స్టూడియో ఫిల్ములాగే. గీత సన్నగా రావడానికే ఆ ఏర్పాటు. ఎముకకీ కండకీ మధ్య తేడా ఎలాగైనా కనిపిస్తుంది. కొవ్వుకీ కండకీ, కండకీ గడ్డకీ మధ్య తేడా పట్టాలంటే మెత్తటి కిరణం కావాలి. అందుకే ఈ యంత్రం 25-30 కిలోవోల్టుల దగ్గరే పనిచేస్తుంది. 1960 ప్రాంతంలో హ్యూస్టన్‌లో రాబర్ట్ ఈగన్ అనే డాక్టరు పరిశ్రమల్లో వాడే సన్నరేణువు ఫిల్ము తెచ్చి, వోల్టేజి తగ్గించి, రొమ్ము లోపలి వివరం రాబట్టాడు. ఇది చదివినప్పుడు ఆయన మా కులంవాడే అనిపించింది. ఇక రొమ్ముని పలకల మధ్య నొక్కుతారే, ఆడవాళ్లందరూ తిట్టుకునేది, అది ఉరుగ్వేలో రౌల్ లెబోర్న్ అనే ఆయన 1950 నాటికే గట్టిగా చెప్పిన పద్ధతి. నొక్కితే కండలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచుకుంటాయి, కదలిక ఉండదు, కిరణం తక్కువ సరిపోతుంది. గ్రూప్ ఫొటోలో వెనక వరసవాళ్లని బెంచీ ఎక్కించేది ఎందుకో నాకు తెలుసు కనక, ఈ సంగతి నాకు డాక్టర్ల కంటే బాగా అర్థమైందని కూడా అనుకున్నాను.

మా వీధి చివర టైలరింగ్ చేసే అమ్మాయి ఫిల్ములో గుండ్రటి ముద్ద కనబడింది. దానిలోపల మళ్లీ ఇంకా తెల్లగా, లావుపాటి పెచ్చులు. అక్కయ్యది చిన్నది, ఇది దానికి రెట్టింపు, తెలుపూ ఎక్కువే. ఫొటోగ్రాఫర్ లెక్కలో ఎక్కువ తెలుపంటే ఎక్కువ సంగతి. ఆ అమ్మాయి ముందు నేను పెదవి విరిచాను. మాట అనలేదు, ఉత్త పెదవి విరుపే. ఆ పిల్ల రాత్రంతా ఏడ్చిందని వాళ్లమ్మ తర్వాత నా మొహమ్మీదే చెప్పింది. తీరా డాక్టరమ్మ చూసి నవ్విందట. అది ఫైబ్రోఎడినోమా, ఎన్నాళ్లనుంచో ఉండి ఎండిపోయి సున్నం పేరుకున్న మామూలు గడ్డ. లోపలి ఆ లావు పెచ్చుల్ని పాప్‌కార్న్ కాల్సిఫికేషన్ అంటారు. అది కనబడితే సూది కూడా గుచ్చనక్కర్లేదు. ఫిల్ములో ఎంత భయంకరంగా కనబడితే అంత నిరపాయమన్నమాట ఆ గడ్డ.

దాంతో నా బుర్ర ఇంకో సూత్రం రాసుకుంది. ముళ్లుంటే చెడ్డది, గుండ్రంగా ఉంటే మంచిది. అదే డాక్టరమ్మ దగ్గరికి అక్కయ్యని చెకప్‌కి తీసుకెళ్లినప్పుడు ఈ సూత్రం గొప్పగా వినిపించాను. ఆవిడ ఓపిక గల మనిషి. "అందరికీ అలా కాదండీ. ట్రిపుల్ నెగెటివ్ అని ఒక రకం ఉంది. చిన్న వయసువాళ్లలో ఎక్కువ. గబగబా పెరుగుతుంది. చుట్టుపక్కల కండ ముడుచుకునేంత టైం ఇవ్వదు. అందుకని చాలాసార్లు గుండ్రంగా, అంచు నున్నగా, మంచి గడ్డలాగే కనబడుతుంది. అల్ట్రాసౌండ్ చేసి, ముక్క తీసి చూస్తే గానీ తెలీదు" అంది. నేను తల ఊపాను. తల ఊపడానికీ వినడానికీ చాలా దూరం.

మా ఆవిడ సంగతికొస్తాను. అక్కయ్యకి జరిగాక భయపడి తనూ ఒకసారి మామోగ్రామ్ తీయించుకుంది. ఏమీ లేదన్నారు. ఫిల్ములు తెచ్చి బీరువా మీద పడేశాం. 2010 జనవరి 15న, సరిగ్గా కనుమ నాడు, సూర్యగ్రహణం వచ్చింది. రామేశ్వరం వైపు ఉంగరంలా కనబడింది. మనకి మధ్యాహ్నం సూర్యుడు నెలవంకంత మిగిలాడు. పండక్కి వచ్చిన పిల్లలంతా "తాతయ్యా, ఫిల్ము" అని వెంటపడ్డారు. మామోగ్రామ్ ఫిల్ములో రొమ్ము లేని భాగం మామూలు ఎక్స్‌రే కంటే చిక్కటి నలుపు. కత్తెర తీసుకుని నాలుగు ఫిల్ములూ ముక్కలు చేసి పంచాను. ఎక్స్‌రే ఫిల్ములోంచి గ్రహణం చూడకూడదని, కంటికి కనబడని కిరణాలు అందులోంచి దూసుకొస్తాయని కళ్ల డాక్టర్లు మొత్తుకుంటారు. అది నా ఇంకో మూర్ఖత్వం. పిల్లల కళ్లు బాగానే ఉన్నాయి, నా అదృష్టం.

తర్వాత కొన్నేళ్లకి మా ఆవిడ మళ్లీ తీయించుకుంది. ఈసారి ఫిల్ము నేనే చూశాను. గడ్డ లేదు, ముళ్లు లేవు, గుండ్రటిదీ లేదు. ఒకచోట మాత్రం సన్నటి తెల్ల చుక్కలు. ఒక్కొక్కటీ ఆవగింజలో పదో వంతు ఉండదు. కాసెట్‌లో దుమ్ము పడిందని వెంటనే తేల్చేశాను. మీకు నవ్వొస్తుందేమో గానీ ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. కాసెట్ లోపలి తెర మీద దుమ్ము కణం ఉంటే ఆ మేరకి ఫిల్ము మీద వెలుతురు పడదు, అక్కడ తెల్ల చుక్కే మిగులుతుంది. మామోగ్రఫీ గదుల్లో తెరలు తరచూ తుడిచేది అందుకే. నాకు తెలిసిన ఆ ఒక్క నిజమే నన్ను ముంచింది. చేతిలో పెన్సిల్ ఉంటే అక్కడికక్కడే పూడ్చేసి ఉండేవాణ్ణి కూడా.

డాక్టరమ్మతో వాదించాను. "దుమ్మండీ అది. మళ్లీ తీయించండి" అన్నాను. ఆవిడ సరేనని నిజంగానే మళ్లీ తీయించింది, ఆ భాగం మాత్రమే పెద్దది చేసి. దుమ్మయితే ఫిల్ముకో చోట పడాలి. రెండు వాటాల్లోనూ అదే చోట, అదే వరసలో ఎందుకుంటుంది? లైటు పెట్టె మీద ఫిల్ము పెట్టి నా చేతికి భూతద్దం ఇచ్చింది. చుక్కలన్నీ ఒక్క సైజువి కావు. కొన్ని పొడిలా, కొన్ని చిన్న గీతల్లా, ఒకచోట గీత రెండుగా చీలింది. పాలనాళం ఎలా పోతుందో అలాగే పోతున్నాయి. నాళం లోపల కణాలు అడ్డదిడ్డంగా పెరిగి, మధ్యలో చచ్చిన కణాల మీద సున్నం పేరుకుని, అచ్చు పోసినట్టు ఆ ఆకారం వస్తుందని చెప్పింది. రక్తనాళాల గోడల్లో పేరుకునే సున్నమైతే రైలు పట్టాల్లా జంటగీతలుగా ఉంటుందట. దానికి భయం లేదు. చంకల్లో పౌడరూ డియోడరెంటూ రాసుకొస్తే కూడా చుక్కలొస్తాయట. అందుకే రాసుకోకుండా రమ్మంటారు. అన్నీ తెల్ల చుక్కలే. ఏ చుక్క ఎలాంటిదో తేల్చడానికి ఆవిడ చదివింది ఏళ్ల తరబడి. నేను ముఖాలు దిద్దింది కూడా ఏళ్ల తరబడే.

అప్పుడడిగింది డాక్టరమ్మ, "పాత ఫిల్ము తెచ్చారా?" అని. అప్పుడూ ఇవే చుక్కలు ఉండి, ఇప్పటికీ మారకపోతే ఒక దారి. కొత్తగా వచ్చుంటే ఇంకో దారి. ఈ పరీక్షలో సగం బలం పాతదానితో పోల్చి చూడడంలోనే ఉంది. ఇద్దరూ నా వైపు చూశారు. గ్రహణం సంగతి చెప్పక తప్పలేదు. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. మా ఆవిడ మాత్రం, "అయితే నన్ను అడ్డం పెట్టుకుని గ్రహణం చూశారన్నమాట" అంది.

ముక్క తీసి పరీక్షకి పంపారు. డీసీఐఎస్ అని తేలింది. నాళం దాటి బయటికి రాని దశ. చేతికి తగిలే గడ్డేదీ లేదు కనక, ఎక్స్‌రేలో చూసుకుంటూ సన్నటి తీగ గుచ్చి గుర్తు పెట్టి, సర్జను ఆ తీగ వెంబడి వెళ్లి కోసి తీశాడు. తీసిన ముక్కని అక్కడికక్కడే మళ్లీ ఎక్స్‌రే తీశారు, చుక్కలన్నీ అందులోకి వచ్చాయో లేదో చూడ్డానికి. ఆ చిన్న ఫిల్ము నాకూ చూపించారు. నేను దుమ్మన్న చుక్కలన్నీ ముక్క మధ్యలో ఉన్నాయి, చుట్టూ ఖాళీ అంచుతో సహా.

1913లో బెర్లిన్‌లో ఆల్బర్ట్ సాలమన్ అనే సర్జను చేసిన పని ఇదే. ఆపరేషన్ చేసి తీసేసిన రొమ్ముల్ని, సుమారు మూడు వేలు, ఎక్స్‌రే తీసి కూర్చుని చూశాడు. కేన్సర్ ఒక్కో మనిషిలో ఒక్కోలా కనబడుతుందని మొదట గమనించింది ఆయనే. ఈ చుక్కల్ని కూడా చూశాడు గానీ వాటి అర్థం మాత్రం ఆయనకి అందలేదంటారు. ఇది చదివి కొంచెం ఊరట పడ్డాను. ఊరట పడ్డానికి నాకేం హక్కుంది? ఆయన ముందు పుస్తకం లేదు, నా ముందు భూతద్దం పట్టుకుని డాక్టరమ్మే ఉంది. ఆయన కూతురు షార్లెట్ బొమ్మలు గీసేది. వందల కొద్దీ బొమ్మల్లో తన బతుకంతా గీసిపెట్టింది. 1943లో ఆమెని నాజీలు ఆష్విట్జ్‌లో చంపేశారు. తండ్రి బతికి ఆ బొమ్మలు చూశాడు. దీనికీ నా కథకీ సంబంధం లేదు గానీ, ఆయన పేరు తలిస్తే ఇది గుర్తు రాక మానదు నాకు.

ఇంతవరకూ చెప్పింది నవ్వుకోడానికి పనికొస్తుంది. వదిన సంగతి అలాంటిది కాదు.

మా ఆవిడ విషయం తర్వాత నేను బుద్ధి తెచ్చుకున్నానని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి నా సూత్రాల చిట్టాకి ఇంకో పద్దు చేరింది, అంతే. ముళ్లు చెడ్డవి, చుక్కలు చెడ్డవి, ఈ రెండూ లేకపోతే భయం లేదు. ఒక యేడు మా అమ్మాయి పురిటికని మా ఆవిడ అమెరికా వెళ్లింది. వదిన ఇలాంటివి మరిదితో మాట్లాడే మనిషి కాదు. ఫోన్‌లో మా ఆవిడకే చెప్పింది, ఎడమవైపు గడ్డ లాంటిదేమీ లేదు గానీ దళసరిగా తోస్తోందని, పాత జాకెట్లన్నీ ఆ వైపు వదులవుతున్నాయని. మా ఆవిడ నాతో అంటే, "వయసొచ్చింది, వదులవక బిగుస్తాయా?" అన్నాను. అక్కణ్ణుంచే పోరుపెట్టి మామోగ్రామ్ తీయించింది. అన్నయ్య కవరు పట్టుకుని తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

ఫిల్ము నిండా తెలుపు. కొందరికి రొమ్ములో కొవ్వు తక్కువ, గ్రంథులూ పీచూ ఎక్కువ. దాన్ని డెన్స్ అంటారు. గడ్డా తెలుపే, అలాంటి కండా తెలుపే. తెల్లచీర మీద రాలిన మల్లెపూవుని నెగెటివ్‌లో వెతకమంటే నేను మాత్రం ఏం వెతకను? 40 దాటిన వాళ్లలో దాదాపు సగం మందికి ఇలాగే ఉంటుందని అమెరికా లెక్కలు. 2024 సెప్టెంబరు నుంచి అక్కడ ప్రతి మామోగ్రామ్ రిపోర్టులోనూ నీ రొమ్ము డెన్సా కాదా అన్నది ఆ మనిషికి రాసి చెప్పాలని నిబంధనే తెచ్చారు. నేనేమో ముళ్ల కోసం వెతికాను, లేవు. చుక్కల కోసం భూతద్దం పెట్టి మరీ వెతికాను, లేవు. రిపోర్టు తిప్పాను. ఇంగ్లీషులో ఏదో రాసి, చివర బైరాడ్స్ 0 అని ఉంది.

సున్నా.

"సున్నా వేశారన్నయ్యా, ఏమీ లేదు. వదినని అరిసెల పని చూసుకోమను" అన్నాను. మా ఆవిడ ఫోన్‌లో, "సున్నా అంటే ఏంటో డాక్టరమ్మని ఒక్కసారి అడగండి" అంది. సున్నా అంటే ఏమిటో ఒకటో తరగతి పిల్లాడికి కూడా తెలుసని విసుక్కున్నాను. ఆ పద్ధతిలో ఏమీ లేదు అంటే 1. నిరపాయమైంది అంటే 2. అయిదు దాకా పోతే కేన్సరనే అనుమానం బలం. మరి 0? పరీక్ష పూర్తి కాలేదు, ఈ ఫిల్ముతో చెప్పలేకపోతున్నాం, అల్ట్రాసౌండో ఇంకో వాటమో కావాలి, మళ్లీ రండి అని. ఆ రిపోర్టు రాసిన డాక్టరు తనకి తెలియదని ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకోలేదు.

సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది. మా ఆవిడ దిగీ దిగగానే వదినని చూసి, ఆ సాయంత్రమే బస్సెక్కించింది. రొమ్ము ఒక పక్కకి ముడుచుకుపోయి ఉందట. అల్ట్రాసౌండ్, ముక్క, ఎమ్మారై. లోబ్యులర్ కేన్సర్. చంకలో గ్రంథులకి చేరింది. రొమ్ము కేన్సర్లలో నూటికి పదీ పదిహేను ఈ రకమే. కణాల్ని ఒకదానికొకటి అతికించి ఉంచే ఇ-కాడెరిన్ అనే ప్రోటీన్ ఇందులో పోతుంది. అందుకని ముద్ద కట్టదు. ఒక్కొక్క కణం వరసగా కండ మధ్య నడిచిపోతుంది. ఫిల్ములో మహా అయితే కండ గీతలు ఒకచోట కాస్త వంకర పోయినట్టుంటాయి, లేదా ఆ రొమ్ము రెండోదానికంటే కుంచించినట్టు కనబడుతుంది. అంటే ఫిల్ము కంటే ముందు జాకెట్టే చెప్పింది.

ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు లక్షన్నర మంది ఆడవాళ్లని ఇరవై ఏళ్ల పాటు గమనించి 2021లో ఒక సంగతి బయటపెట్టారు. మామోగ్రామ్ లేదు, యంత్రం లేదు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేస్తే, 50 దాటినవాళ్లలో రొమ్ము కేన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో తగ్గలేదు, అదీ దాచకుండా చెప్పారు. ఇది చదివిన రోజు నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. దళసరిగా తోచిన నాటికి వదినకి 58 ఏళ్లు. తన చేతికి తెలిసింది, నోటితో చెప్పింది. నేనది వినకుండా ఫిల్ము మాట విన్నాను. నిజానికి ఫిల్ము మాట కూడా వినలేదు.

వదిన ఆ తర్వాత అయిదారేళ్లు బతికింది. కడుపులోకి పాకి పోయింది. ఆ కొద్ది నెలల ఆలస్యం వల్లే అని ఏ డాక్టరూ అనలేదు. కాదని కూడా అనలేదు. మాసికాలు అయ్యాక ఒకరోజు అన్నయ్య, "సున్నా అంటే అసలేంట్రా?" అనడిగాడు. చెప్పాను. పరీక్ష పూర్తి కాలేదు, మళ్లీ రండి అనీ, ఆ రోజు నాకు తెలియదనీ, అడగమన్నా అడగలేదనీ అన్నీ చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "మరి ఆ ముక్క తెలుగులో రాసి చావచ్చుగా" అన్నాడు. నన్ను తిట్టాలనుకుని రిపోర్టుని తిట్టాడో, నిజంగా రిపోర్టునే తిట్టాడో తెలియదు. ఏదైనా ఆయన అన్నది న్యాయం. చదువుకున్నానన్న నాకే బోధపడని అంకెని, ఆయన చేతిలో పెట్టి పంపడం ఏం పద్ధతి? "మళ్లీ రండి" అన్న రెండు మాటలకి సిరా ఎంత ఖర్చవుతుంది? ఇది నా తప్పుని ఇంకొకరి మీదికి తోయడం కాదు. నా తప్పు నా దగ్గరే ఉంది.

మనవడు ఈమధ్య ఒక విషయం చదివి వినిపించాడు. 2015లో అమెరికాలో కొందరు పావురాలకి మామోగ్రామ్ బొమ్మలు చూపించి, సరిగ్గా ముక్కుతో పొడిస్తే గింజలు పెట్టి నేర్పారట. సున్నపు చుక్కలున్న ఫిల్ములూ లేని ఫిల్ములూ అవి చక్కగా వేరు చేశాయి, ఎప్పుడూ చూడని కొత్తవి పెట్టినా సరే. గడ్డల దగ్గరికొచ్చేసరికి మాత్రం చూపించిన బొమ్మల్ని బట్టీ పట్టాయి తప్ప, కొత్త బొమ్మ పెడితే మంచి గడ్డో చెడ్డ గడ్డో తేల్చలేక చతికిలబడ్డాయి. వాడు నవ్వుతూ చదివాడు. నేను లెక్క వేసుకున్నాను. బట్టీ పట్టడంలో పావురమూ నేనూ సమానం. చుక్కల దగ్గర పావురమే నా కంటే నయం. పైగా దానికి ఎవరూ కవర్లు తెచ్చి ఇవ్వలేదు.

స్వీడన్‌లో అయితే ప్రతి మామోగ్రామ్‌నీ ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూడడం ఆనవాయితీగా వచ్చిందట. ఇప్పుడు ఆ రెండో డాక్టరు పనిలో కొంత కంప్యూటరుకి అప్పగించి, 80 వేల మంది పైన పరీక్షించి చూశారు. చూసే పని 44 శాతం తగ్గింది, దొరికే కేన్సర్లు తగ్గలేదు. మనవడు దాని గురించి ఇంకా ఏదో చెప్పబోయాడు. ఏళ్లకేళ్లు చదివిన మనుషులకి తోడు కంప్యూటరు కన్ను కూడా తెచ్చుకున్నచోటి సంగతి వింటుంటే, మొటిమలు పూడ్చే బల్ల మీద ఒక్కణ్ణే కూర్చుని తీర్పులు చెప్పిన నాకు ఒళ్లు చచ్చిపోయింది. టీవీ పెట్టమన్నాను.

స్టూడియో ఎత్తేశాక ఆ బల్ల ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు దాని మీద మా ఆవిడ కరివేపాకు ఆరబెడుతోంది. ఇప్పటికీ పాత పరిచయం కొద్దీ ఎవరో ఒకరు కవరు పట్టుకొస్తారు. ఫిల్ము బయటికి తీయనివ్వను. రెండే ప్రశ్నలు అడుగుతాను: చివర అంకె ఎంత వేశారు, పాత ఫిల్ములు ఎక్కడున్నాయి. అంకె 0 అంటే ఆటో నేనే పిలుస్తాను. కొందరికి ఇది నచ్చదు. "పెద్దాయన చూపు తగ్గింది, చెప్పుకోలేకపోతున్నాడు" అంటున్నారని విన్నాను. అననీ.

మా ఆవిడ మటుకు ఏటా వెళ్తుంది. ఇప్పుడు ఫిల్ములివ్వడం లేదు, కాగితంతో పాటు ఒక సీడీ ఇస్తున్నారు. సీడీ పెట్టి చూసే యంత్రం మా ఇంట్లో లేదు, కొనే ఉద్దేశమూ లేదు. అన్ని ఏళ్ల సీడీలూ ఆవిడ బీరువాలో వరసగా ఉన్నాయి, తాళంచెవి కొంగున ఉంది. డాక్టరమ్మ పాతవి అడిగితే తనే తీసిస్తుంది. నేను బయట బెంచీ మీద కూర్చుని చెప్పులు చూసుకుంటాను.